బడి నీళ్ల తొట్టి తాళంచెవి ఎవరి దగ్గర?

పోయిన నెల ఈ శీర్షికలో కంబోడియా పల్లె బడుల గురించి నాలుగు మాటలు రాశాను. వలంటీర్లు వెళ్లి అక్కడి పిల్లలకు వాననీటి తొట్లు కట్టి, బడి వెనక కూరగాయల మళ్లు వేసి వస్తున్నారని, నేను కూడా రిటైరయ్యాక ఒకసారి మూడు వారాలు వెళ్లి ఇసుక మోసి వచ్చానని. దానికి మన నెల్లూరు, ప్రకాశం వైపు నుంచే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. అందులో అయిదింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: టీచర్ గారూ, నేను సివిల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. వేసవి సెలవుల్లో రెండు వారాలు కంబోడియా వెళ్లి బడులకు నీటి తొట్లు కట్టే అవకాశం ఉందని ఇన్‌స్టాలో చూశాను. ఫీజు మనమే కట్టాలట. మా నాన్న "మన ఊళ్లో తాగడానికి నీళ్లు లేవు, వీడు కంబోడియాకి పోతాడంట" అని ఒకటే గొడవ. వెళ్లమంటారా? (ఒక విద్యార్థి, ఉదయగిరి దగ్గర పల్లె)

జవాబు: బాబూ, ముందు నీ క్షేమం సంగతి. ఉద్యోగాలని చెప్పి మన పిల్లలను కంబోడియా తీసుకెళ్లి, పాస్‌పోర్టులు లాక్కుని, సైబర్ మోసాలు చేయించిన సంగతి 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టారు. అందుకని ఇన్‌స్టాలో చూసినదాన్ని నమ్మి డబ్బు కట్టొద్దు. ఏ ఊరు, ఏ బడి, అంతకు ముందు అక్కడికి వెళ్లొచ్చిన మనవాళ్ల ఫోన్ నంబర్లు, మనం కట్టే ఫీజులో ఆ ఊరికి చేరేది ఎంత, ఏ వీసా మీద వెళ్లాలి, ఇవన్నీ కాగితం మీద రాసిమ్మని అడుగు. చెప్పలేకపోతే వదిలెయ్. పాస్‌పోర్టు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకు, నాంపెన్‌లో ఉన్న మన రాయబార కార్యాలయం నంబరు ఫోన్లోనూ, మీ నాన్న దగ్గర కాగితం మీదా ఉండాలి. అనాథాశ్రమంలో పిల్లలతో ఆడుకోవడం కూడా ఉందని చెప్తే అసలు వెళ్లొద్దు. అక్కడి ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో చాలామందికి అమ్మో నాన్నో బతికే ఉన్నారని యునిసెఫే చెప్పింది, చూడ్డానికి జనం వస్తారని పిల్లల్ని తెచ్చి పెట్టే పద్ధతికి మనం సాయపడకూడదు.

ఇక కాలం. అక్కడ వానలు మేలో మొదలై అక్టోబరు దాకా ఉంటాయి. ఏప్రిల్ మధ్యలో వాళ్ల కొత్త సంవత్సరం, మనకు సంక్రాంతి ఎలాగో అలాగ ఊళ్లన్నీ పండగలో ఉంటాయి. మనకు సెలవులు వచ్చేసరికి అక్కడ మట్టి పని, సిమెంటు పని నత్తనడక నడుస్తుంది. కుదిరితే డిసెంబరు, జనవరిల్లో వెళ్లు.

అక్కడికి వెళ్తే నువ్వు చూడాల్సింది వాళ్ల బానలు. చాలా ఇళ్ల ముందు మనిషి ఎత్తు సిమెంటు బానలు వరసగా ఉంటాయి, ఇంటి కప్పు మీద పడిన వాన రేకు దోనెలోంచి వాటిలోకి దిగుతుంది. పక్కనున్న థాయ్‌లాండ్ ఈశాన్య ప్రాంతంలో 1980ల్లో ఇదే పనిని పెద్ద ఎత్తున చేశారు, ఒక్కో బాన సుమారు 2,000 లీటర్లు. మొదట్లో వాటిని చేసిన తీరు నాకు భలే నచ్చింది. పెద్ద గోనె సంచి కుట్టి, అందులో ఊకో రంపపు పొట్టో దట్టంగా కూరి, ఆ సంచి మీద సిమెంటు గార పూస్తారు, గట్టిపడ్డాక లోపలి ఊక తోడేసి సంచి లాగేస్తారు. ఇది ఊళ్లో మేస్త్రీకి నేర్పితే ఆయన ఇంకో పదిమందికి చేసిపెట్టగలడు. అందుకే చెప్తున్నా, గార పూయడంలో ఆ మేస్త్రీ చేయి నీ చేతికన్నా ఎంతో మేలు. నువ్వు ఇసుక జల్లించు, కొలతలు రాసుకో, పని నేర్చుకో. తాపీ ఆయన చేతిలోనే ఉండనీ, కూలి ఆయనకు దక్కనీ.

కంబోడియా పక్కనే ఉన్న లావోస్ తీసుకెళ్తామన్నా ఇంకో మాట అడగాలి. 1964 నుంచి 1973 వరకు ఆ చిన్న దేశం మీద అమెరికా 20 లక్షల టన్నులకు పైగా బాంబులు వేసింది. క్లస్టర్ బాంబుల్లోంచి రాలిన చిన్న గుండ్లే 27 కోట్లని లెక్క, వాటిలో దాదాపు మూడో వంతు పేలకుండా నేలలో ఉండిపోయాయి. అక్కడ బడి తోటకు పార వేయాలన్నా, బావి తవ్వాలన్నా ఆ నేలను ముందు పరీక్ష చేసి శుభ్రం చేసినట్టు కాగితం ఉండాలి. కంబోడియాలో థాయ్‌లాండ్ సరిహద్దు వైపు మందుపాతరల భయం ఇంకా ఉంది. పిల్లలు ఆడుకునే చోటు గురించి ఈ మాట రాస్తుంటే నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టే ఉంటుంది.

మీ నాన్న గారి మాటలో తప్పేం లేదు. ఆయనకు నేను చెప్పమన్నానని చెప్పు, వెళ్లొచ్చాక మొదటి బాన మీ ఊరి బడిలోనే కడతావని. అలా మాటిచ్చి వెళ్లు.

ప్రశ్న: మేడమ్, మాది కనిగిరి ప్రాంతం, ప్రాథమికోన్నత పాఠశాలలో సైన్సు చెప్తాను. పాత విద్యార్థులు డబ్బులు వేసుకుని బడిలో కొత్త బోరు, దాని మీద ఫిల్టరు ప్లాంటు పెట్టిస్తామంటున్నారు. పిల్లల పళ్లు ఇప్పటికే గార కట్టి ఉన్నాయి. సరే అనమంటారా? (ఒక ఉపాధ్యాయుడు)

జవాబు: బోరు వేయించకండి సార్. కనీసం పరీక్ష చేయించకుండా వేయించకండి.

నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువై పళ్లను, ఎముకలను పాడుచేసే జబ్బే ఫ్లోరోసిస్. మన దేశంలో దాని గురించి వైద్యులు మొట్టమొదట రాసింది 1937లో, అదీ అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల గురించే. కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు నెల్లూరు జిల్లావే, 1970లో ఒంగోలు జిల్లా (తర్వాత ప్రకాశం అయింది) ఏర్పడ్డప్పుడు ఇటు వచ్చాయి. కేంద్రం 2008-09లో ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు కూడా మొదటి విడత జిల్లాల్లో నెల్లూరు ఉంది. ఇన్నేళ్లయినా నడుము వంగిన మనుషుల్ని మీరూ నేనూ చూస్తూనే ఉన్నాం. ఈ ఫ్లోరైడు ఎవరో కలిపింది కాదు, కింద ఉన్న రాతిలోంచి నీళ్లలోకి దిగేది. అందుకే ఇంకో వంద అడుగులు లోతుకు పోతే మంచి నీళ్లు పడతాయన్న ఆశ మనవైపు చాలాసార్లు తారుమారవుతుంది.

కంబోడియాలోనూ సరిగ్గా ఇదే జరిగింది. చెరువు నీళ్లు తాగితే పిల్లలకు విరేచనాలని, మంచి మనసుతోనే, ఎన్నో సంస్థలు ఊరూరా గొట్టపు బావులు వేసి చేతి పంపులు పెట్టాయి. తర్వాత చూస్తే మెకాంగ్ నది పక్కన, ముఖ్యంగా కందాల్ రాష్ట్రంలో, ఆ నీళ్లలో ఆర్సెనిక్ ఉంది. రంగు లేదు, వాసన లేదు, రుచి తేడా లేదు. పంపు మీద దాత పేరు, నీళ్లలో విషం. వేసిన వాళ్లు ముందే ఒక సీసా నీళ్లు పరీక్షకు పంపి ఉంటే ఎంత బాగుండేదో.

కాబట్టి మీరు ముందు చేయాల్సింది, ఇప్పుడున్న బోరు నీళ్లను పది నిమిషాలు పారనిచ్చి, కడిగిన ప్లాస్టిక్ సీసాలో లీటరు నీళ్లు పట్టి, గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుకి పంపండి. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఫ్లోరైడు ఉంటే మేలు, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని మన ప్రమాణం. ఒక్క మాట తల్లిదండ్రులకు గట్టిగా చెప్పండి, కాచి చల్లార్చితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడు పోదు, నీళ్లు ఆవిరై తగ్గే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఆర్సెనిక్ కూడా అంతే. మామూలు ఇసుక ఫిల్టరును, మట్టి ఫిల్టరును కూడా వీటికి నమ్ముకోలేం.

ఆర్‌ఓ ప్లాంటు ఫ్లోరైడును తీస్తుంది, నిజమే. కానీ కరెంటు బిల్లు, కార్ట్రిడ్జి, మెంబ్రేన్ ఖర్చు ఏటేటా ఎవరు పెట్టుకుంటారు? నేను పనిచేసిన ఒక బడిలో దాతలు ప్లాంటు పెట్టి, రిబ్బను కోసి, ఫొటోలు దిగి వెళ్లారు. ఎనిమిది నెలలకు మోటారు ఆగింది. బాగుచేయించడానికి ఎవరి పద్దులోనూ డబ్బు లేదు, గది తాళంచెవి ఎవరి దగ్గరుందో కూడా తెలియలేదు. పిల్లలు మళ్లీ ఆ పాత బోరు నీళ్లే తాగారు, నేను చూస్తూ ఉండగానే. ఆ బాధతోనే ఈ జవాబు ఇంత పొడుగు రాస్తున్నాను.

మీ పాత విద్యార్థులను వాననీటి తొట్టి కట్టించమని అడగండి. లెక్క సులువు. చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మీ బడి స్లాబు 100 చదరపు మీటర్లు, ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన అనుకుందాం. మొత్తం 80,000 లీటర్లు, అందులో అయిదో వంతు పోయినా 64,000 లీటర్లు చేతికొస్తాయి. 100 మంది పిల్లలకు తాగడానికి, అన్నం వండడానికి రోజుకు తలా 2 లీటర్ల చొప్పున, వానలు ఆగిపోయే జనవరి నుంచి ఏప్రిల్ దాకా 90 బడి రోజులకు కావాల్సింది 18,000 లీటర్లు. అంటే పదేసి వేల లీటర్ల తొట్లు రెండు. ఒకటి కడిగేటప్పుడు ఇంకోటి వాడుకోవచ్చు. వాన తక్కువైన ఏడు చాలదు, దానికి ట్యాంకరు నీళ్ల ఏర్పాటు ముందే ఆలోచించి పెట్టుకోండి. వంటకు కూడా ఈ నీళ్లే వాడమన్నది ఎందుకంటే అన్నంలోకి, పప్పులోకి పోయిన ఫ్లోరైడు కూడా కడుపులోకే పోతుంది.

స్లాబు మీద మిరపకాయలు ఎండబోయనివ్వకండి. సీజను మొదటి వానను పూర్తిగా బయటికి వదిలేయండి, కప్పు మీది దుమ్ము, పావురాల రెట్ట దాంతో పోతుంది. తొట్టిలోకి వెలుగు పడకూడదు, పడితే పాచి పడుతుంది. పైమూత, గొట్టం మూతికి సన్నటి వల తప్పనిసరి, లేదంటే డెంగీ దోమ అక్కడే గుడ్లు పెడుతుంది. కంబోడియాలో ఇళ్ల ముందు బానల్లో లార్వాను తినడానికి గప్పీ చేపలు వదిలారు. బడి తొట్టికి మాత్రం వల, మూత చాలు. గ్లాసు ముంచడం వద్దు, కుళాయి పెట్టించండి. క్లోరిన్ వేయండి. దాతల పేరు రాయించే గోడ మీదే, దాని కింద, తొట్టి ఆఖరిసారి కడిగిన తేదీ, కడిగించిన వారి పేరు సుద్దతో రాయడానికి ఒక నల్లబల్ల కట్టించండి. తాళంచెవి బడి కమిటీలో ఒక తల్లి దగ్గర పెట్టండి. తల్లి అనే ఎందుకంటున్నానంటే, ఆ నీళ్లు తాగేది ఆమె బిడ్డే.

ప్రశ్న: మా పాప నాలుగో తరగతి. బడిలో మొక్కలకు నీళ్లు పోయిస్తున్నారు. చదువుకోమని పంపితే పని చేయిస్తారా అని మా ఆయన కోపంగా ఉన్నారు. (ఒక తల్లి, కావలి)

జవాబు: తల్లీ, పావుగంట, వంతులవారీగా, ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి, చల్లటి పూట అయితే అది కూడా చదువే. పాఠం మాన్పించి చేయిస్తున్నా, ఎండలో చేయిస్తున్నా, కొందరి పిల్లలతోనే చేయిస్తున్నా తప్పకుండా అడగండి. పురుగుమందు డబ్బా పిల్లల చేతికి ఇస్తే మాత్రం అదే రోజు వెళ్లి ఆపించండి.

ప్రశ్న: మా చిన్నాన్న కొడుకు అమెరికాలో ఉంటాడు. అక్కడి స్నేహితులతో కలిసి మా ఊరి బడి తొట్టికి డబ్బు పంపుతానంటున్నాడు. నా అకౌంటులో వేయించుకోవచ్చా? (ఆత్మకూరు)

జవాబు: మీ అన్నదమ్ముడిది ఇంకా భారత పాస్‌పోర్టే అయితే, సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన మనవాళ్లకు ఇచ్చేది) ఉన్నా సరే, ఇలాంటి పనికి పంపితే వస్తుంది. అలాంటి డబ్బు తీసుకోవాలంటే 2010 నాటి విదేశీ విరాళాల చట్టం ప్రకారం రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి. పదిమంది స్నేహితుల డబ్బు కలిపి మీ అకౌంటులో వేయించుకోకండి, మంచి పనికి పోయి నోటీసు తెచ్చుకుంటారు. రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ ద్వారా పంపమనండి, వివరాలకు ఒక ఆడిటరును అడగండి. బిల్లులన్నీ బడి గోడకు అంటించండి.

ప్రశ్న: మా బడి వెనక పది సెంట్ల జాగా ఉంది. రెండేళ్లు తోట వేశాం, సెలవుల్లో ఎండిపోయింది, మిగిలింది మేకలు తినేశాయి. మళ్లీ వేయాలా? (మధ్యాహ్న భోజనం వండే ఒక అక్క, పొదిలి దగ్గర)

జవాబు: వేయాలమ్మా. వంట మీది కాబట్టి తోట గురించి మీ మాటే ముందు వినాలి, ఏది వండగలరో, ఏది పిల్లలు కంచంలో వదిలేస్తారో మీకే తెలుసు. థాయ్‌లాండ్‌లో 1980లో సరిహద్దు పోలీసులు నడిపే బడుల్లో రాజకుమారి సిరింధోర్న్ ఇలాంటి పనే మొదలుపెట్టారు. పిల్లలు పండించినది పిల్లల మధ్యాహ్నం కంచంలోకే రావాలన్నది అందులో అసలు సంగతి. మన దేశంలోనూ బడుల్లో పోషకాహార తోటలకు 2019లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది, మీ హెడ్‌మాస్టరు గారికి గుర్తుచేయండి.

సెలవుల్లో ఎండకు తట్టుకునేవి గట్టు పొడుగునా పెట్టండి. మునగ, కరివేపాకు, ఒక నిమ్మ. మునగ వేరూనితే వారానికి రెండు బిందెలతో బతికిపోతుంది. ఫిలిప్పీన్స్‌లో మన మునగాకునే మలుంగాయ్ అని రోజూ పులుసులో వేసుకుంటారు, మనం మాత్రం కాయ కోసుకుని ఆకు పారేస్తాం. ఫ్లోరైడు నీళ్ల ఊళ్లలో ఆకుకూర, గుడ్డు, పాలు, నిమ్మకాయ పిల్లలకు మరీ అవసరం, కాల్షియం, సి విటమిన్ ఒంట్లో తక్కువైతే ఆ జబ్బు ఇంకా పీడిస్తుంది. చేతులు, పళ్లేలు కడిగే కుళాయిల నీళ్లు ఒక కాలవ తీసి అరటి, బొప్పాయి పాదుల్లోకి మళ్లించండి. ఆ కాలవ చివర చిన్న గుంటలో తూటికూర వేద్దామనుకునేరు, దానికి మంచి నీళ్లే పెట్టాలి, మురికి నీళ్లలో పెరిగింది పిల్లలకు వద్దు. కంబోడియాలో తూటికూర లేని పూట లేదు. మనవైపు చెరువుల్లో ఊరికే పెరుగుతున్నా కోసేవాళ్లు తగ్గిపోయారు.

మేకలకు సర్కారు కంపే మందు. రెండు వరసలు వేసి, లోపల గోరింటాకు కొమ్మలు గుచ్చితే రెండు మూడేళ్లలో అదే కంచె అవుతుంది. మేకల ఆసామి పిల్లలూ మీ బడిలోనే చదువుతుంటారు కదా, వాళ్లకే తోట వంతు ఇప్పించండి, నా అనుభవంలో కంపకన్నా అది బాగా పనిచేసింది.

బడి తెరవగానే, ఒక వాన పడ్డాక తోటకూర చల్లండి, నెల లోపే కోతకు వస్తుంది. గోంగూర, బచ్చలి విత్తనం మా పెరట్లోది సిద్ధంగా ఉంది. స్టాంపు అంటించిన కవరు మీద మీ బడి చిరునామా రాసి పత్రికకు పంపండి, పోస్టులో వేస్తాను.