చెల్లెలి ఫోన్ ఎందుకు ఎత్తడం లేదు?

కావలి దగ్గర రొయ్యల చెరువులు చేసుకునే 44 ఏళ్ళ ఆయన రాశారు. ఒంగోల్లో ఉంటున్న చెల్లెలికి 38 ఏళ్ళకే రొమ్ము క్యాన్సర్ వచ్చింది. చెన్నైలో వైద్యం చేసిన డాక్టర్లు బీఆర్‌సీఏ2 అనే జన్యువులో లోపం ఉందన్నారు. ఆమె పోరు పడలేక ఈయనా పరీక్ష చేయించుకుంటే అదే తేలింది. అప్పట్నుంచి పడక చెరువు కట్ట మీద షెడ్డులోనే. భార్యకు చెప్పలేదు. చెల్లెలి ఫోన్ ఎత్తడం లేదు, సంక్రాంతికీ పిలవలేదు. 'చెరువులు మా ఆవిడ పేర రాసేయమంటారా?' అని అడుగుతున్నారు.

రాస్తే రాయండి, లేకపోతే మానండి. అది లాయరు దగ్గర తేలే పని. నాకు కోపం తెప్పించింది మీరు ఒక్క ముక్కలో దాటేసిన సంగతి. అమ్మా నాన్నా లేని పిల్లకు అన్న ఇల్లే పుట్టిల్లు. ఒంట్లో బాగాలేని ఇంటి ఆడపడుచును పండక్కి పిలవకపోవడమేమిటండీ? పక్క చెరువులో రొయ్యలకు వైట్ స్పాట్ తెగులు పడిందని అర్ధరాత్రి ఫోన్ చేసి చెప్పినవాడితో మాటలు మానేస్తారా?

'ఆడవాళ్ళ జబ్బు నాకు తగిలించింది' అన్నారు. మీ నాన్న 60 నిండకుండానే, మగవాళ్ళకు మాత్రమే ఉండే ప్రోస్టేట్ గ్రంథి క్యాన్సర్‌తో పోయారని రాసిందీ మీరే. ఈ లోపం ఉన్న మగవాళ్ళకు ఆ క్యాన్సరూ రావచ్చు, కాబట్టి ఇది ఆయన నుంచే వచ్చి ఉండొచ్చు. తల్లికున్నా తండ్రికున్నా, కొడుక్కైనా కూతురికైనా వచ్చే అవకాశం సగానికి సగం. అది మీతోనే పుట్టింది, ఆమె వల్ల ఇప్పుడు తెలిసింది. భయమేస్తోందని చెప్పుకోవడం మన వైపు మగవాళ్ళకు నామోషీ. ఆ భయాన్నే కోపం చేసి ఇంట్లో ఆడవాళ్ళ మీద చూపిస్తారు. నేను చాలామందిని చూశాను.

లోపం ఉన్నంత మాత్రాన జబ్బు వచ్చినట్టు కాదు. ఇది ఉన్న మగవాళ్ళలో రొమ్ము క్యాన్సర్ వచ్చేది 70 ఏళ్ళ లోపు నూటికి సుమారు 2 నుంచి 7 మందికి. మీరు ఎక్కువగా కనిపెట్టుకోవాల్సింది ప్రోస్టేట్‌ను. 40 దాటారు కాబట్టి ఏటా పీఎస్ఏ రక్తపరీక్ష గురించి డాక్టరును అడగండి. స్నానం చేసేటప్పుడు ఛాతీ, చంకలు తడిమి చూసుకోండి. గడ్డ తగిలితే సిగ్గుపడకుండా చొక్కా విప్పి చూపించండి. పిల్లలకు ఇప్పుడే పరీక్షలు వద్దు, 18 దాటాక వాళ్ళ ఇష్టం.

ఇక మీ ఆవిడ. రాత్రిళ్ళు ఇంటికి రాని మొగుడి గురించి ఆవిడ ఏమనుకుంటూ ఉంటుందో ఆలోచించారా? క్యాన్సర్ భయమని మాత్రం అనుకోదు. ఇవాళే చెప్పండి.

చెల్లెలికి ముందు ఫోన్ చేయండి. ఈసారి చెన్నైలో ఆమె చెకప్‌కి బావగారు వెళ్తున్నా సరే, మీరూ వెళ్ళండి. వాళ్ళు ఒంగోల్లో పినాకిని రైలు ఎక్కితే మీరు కావలిలో ఎక్కొచ్చు. మీ రిపోర్టు కూడా పట్టుకెళ్ళండి, అదే డాక్టరుకు చూపించవచ్చు.