సమాధానం: ఘాట్‌లో డ్రమ్ బ్రేకు మెత్తబడటం గురించి

తమ్ముడూ, దోమలపెంట దాటి శ్రీశైలం డ్యాం వైపు దిగేటప్పుడు బైకు వెనక డ్రమ్ బ్రేకు మెత్తబడి కాలిన వాసన వస్తోంది, డిస్క్ బ్రేకు పెట్టించాలా అని అడిగావు. వద్దు. చక్రం మధ్యలోని హబ్బు, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ దాకా మార్చాలి, అంత ఖర్చు దండగ.

అసలు సంగతి వేడి. డ్రమ్ములో లైనర్లు, అంటే బ్రేకు వేసినప్పుడు డ్రమ్ము లోపలి గోడను ఒరుసుకునే పట్టీలు, మూసిన డొల్లలో రాసుకుంటాయి, వేడి బయటికి పోదు. పైగా కాగిన డ్రమ్ము వ్యాకోచించి లైనర్లకు దూరం జరుగుతుంది, అందుకే పెడలు లోపలికి పోతోంది. డిస్క్ గాలికి బయటే ఉంటుంది కనుక త్వరగా చల్లారుతుంది. మన పల్లె రోడ్ల దుమ్ము, బురదకు మాత్రం డ్రమ్మే నయమని నా అభిప్రాయం.

పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగుతున్నావేమో, దయచేసి మానెయ్యి. రెండో, మూడో గేరులో దిగు, ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. పెడలు మీద కాలు ఆనించి ఉంచకు. ముందు బ్రేకు కూడా కలిపి, నొక్కుతూ వదులుతూ వాడు. కాగిన డ్రమ్ము మీద నీళ్లు పోయకు, పగలొచ్చు.

ముందైతే అచ్చంపేటలోనే చక్రం విప్పించి చూడు. లైనర్లు అద్దంలా మెరుస్తున్నా, అరిగినా కొత్తవి వేయించు.