మార్కర్ పెట్టించే ముందు

అమ్మాయ్,

తల, మెడ గడ్డల రిపోర్టులు ఇకమీదట నీ సంతకంతోనే వెళ్తాయని తెలిసి చాలా సంతోషించాను. ఐహెచ్‌సీ మార్కర్ల దగ్గరే, అంటే కణాల్లో ఫలానా ప్రోటీన్ ఉంటే గోధుమ రంగు చూపే స్టెయిన్ల దగ్గరే, టెన్షన్‌గా ఉంటోందని రాశావు, ఒక టాన్సిల్ కేసులో పి16 మార్కర్‌ను ఏమని రాయాలనీ అడిగావు. నాకు తెలిసింది చెబుతాను.

ముందు హెచ్ అండ్ ఈ స్లైడ్ (మామూలు గులాబీ, ఊదా రంగుల స్టెయిన్) తీరిగ్గా చూడు. ఏమై ఉండొచ్చో రెండు మూడు పేర్లు కాగితం మీద రాసుకుని, వాటిని విడదీసే మార్కర్లే అడుగు. ఏమీ అనుకోకుండా పదిహేను పెట్టిస్తే అందులో ఏదో ఒకటి గోధుమ రంగులోకి తిరుగుతుంది, నువ్వు దాని వెంట పడతావు. పైగా ముక్కులోంచి తీసిన బయాప్సీ గోరంత ఉంటుంది. బ్లాక్ (ముక్కను మైనంలో పోసిన దిమ్మ) అరిగిపోయాక అసలు కావాల్సిన పరీక్షకు ముక్క మిగలదు. అందుకే మొదటిసారి కోసేటప్పుడే స్టెయిన్ చేయని స్లైడ్లు కొన్ని తీసి పక్కన పెట్టమని టెక్నీషియన్‌కు చెప్పు.

ముక్కు, సైనస్‌లలో వచ్చే చిన్న నీలి కణాల గడ్డల దగ్గర మరీ జాగ్రత్త. కెరాటిన్ పాజిటివ్ రాగానే కార్సినోమా (పైపొర కణాల క్యాన్సర్) అని రాసేయకు. ఆల్వియోలార్ రాబ్డోమయోసార్కోమాలో (కండర కణాల పోలికున్న క్యాన్సర్) కెరాటిన్, నాడీ కణాల గుర్తైన సినాప్టోఫైసిన్ రెండూ రావచ్చు. కండర గుర్తులైన డెస్మిన్, మయోజెనిన్ అడగకపోతే ఒక పిల్లవాడికి తప్పుడు చికిత్స మొదలవుతుంది. పి40 (స్క్వామస్, అంటే పొలుసు కణాల గుర్తు) గట్టిగా వచ్చినా కణాలన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటే సీడీ99, ఎన్‌కేఎక్స్2.2 కూడా చూడు, ఈవింగ్ సార్కోమాలో (ఎముక, మెత్తటి కణజాలాల క్యాన్సర్) అలాంటి రకం ఒకటుంది. ఏ పోలికా లేని కార్సినోమా అయితే నట్, ఐఎన్‌ఐ1 మార్కర్లు మర్చిపోవద్దు.

ఐఎన్‌ఐ1 మామూలు కణాల కేంద్రకాల్లో ఉండే ప్రోటీన్, కాబట్టి దానిలో రంగు పోవడమే జవాబు. ట్యూమర్ కేంద్రకాలు నీలంగా ఉండి, వాటి మధ్య దూరిన లింఫోసైట్లు, రక్తనాళాల లోపలి పొర కణాలు ముదురు గోధుమగా కనిపిస్తేనే ‘లాస్’ అని రాయి. ఆ పక్క కణాలు కూడా నీలంగానే ఉంటే స్టెయిన్ పడలేదన్నమాట, మళ్ళీ చేయించు. దవడ ఎముకతో వచ్చిన ముక్కల్లో ఈ ఇబ్బంది ఎక్కువ. ఎముకను మెత్తబరచే యాసిడ్ ప్రోటీన్లను పాడుచేస్తుంది. మెత్తటి భాగాన్ని ముందే విడదీసి వేరే బ్లాక్‌లో పెట్టించు.

లాలాజల గ్రంథుల గడ్డల్లో చాలావరకు ఆకారమే చెప్పేస్తుంది. సెక్రీటరీ కార్సినోమానా, ఎసినిక్ సెల్ కార్సినోమానా అని తేలనప్పుడు మాత్రం మొదటిదానికి ఎస్100, మామాగ్లోబిన్ ఒకవైపు, రెండోదానికి డాగ్1, ఎన్ఆర్4ఏ3 ఇంకోవైపు పెట్టి చూడు.

ఇక నువ్వు అడిగిన పి16. హెచ్‌పీవీ వైరస్‌లోని ఈ7 ప్రోటీన్, కణ విభజనను అదుపు చేసే ఆర్‌బీ ప్రోటీన్‌ను పనిచేయనివ్వదు, దాంతో పి16 పోగుపడుతుంది. టాన్సిల్, నాలుక వెనక భాగం క్యాన్సర్లలో దాన్ని హెచ్‌పీవీకి గుర్తుగా తీసుకుంటాం. నోరు, స్వరపేటికల్లో అలా తీసుకోకూడదు. సర్జన్ ఫారంలో ‘గొంతు’ అని మాత్రమే రాస్తే ఫోన్ చేసి సరిగ్గా ఎక్కడో కనుక్కో. ఏజేసీసీ (క్యాన్సర్ స్టేజ్ నియమాల పుస్తకం) 8వ ఎడిషన్ నుంచి పి16 పాజిటివ్ ఓరోఫారింక్స్ (టాన్సిల్, నాలుక వెనక భాగం ఉండే చోటు) క్యాన్సర్‌కు స్టేజింగే వేరు, కాబట్టి నువ్వు రాసే ఆ ఒక్క మాటతో రోగి స్టేజ్ మారిపోతుంది.

పెద్దవాళ్ళ మెడలో నీటితిత్తిలాంటి లింఫ్ నోడ్ వస్తే పుట్టుకతో వచ్చిన సిస్ట్ అని తేలిగ్గా వదిలేయకు. గోడలో స్క్వామస్ క్యాన్సర్ ఉండి, అది లెవెల్ 2 లేదా 3 (మెడ పక్కన పై, మధ్య భాగాల) నోడ్ అయితే పి16 చెయ్యి. అది నెగటివ్ అయితే ఈబీఈఆర్ (ఎప్‌స్టీన్-బార్ వైరస్ పరీక్ష) చూడు, ముక్కు వెనక నుంచి వచ్చిందేమో తెలుస్తుంది.

నువ్వు పంపిన టాన్సిల్ కేసులో 60 శాతం కణాల్లోనే పి16 రంగుంది, అదీ చాలాచోట్ల సైటోప్లాజంలో మాత్రమే. కేంద్రకం, సైటోప్లాజం రెండింటిలోనూ, కనీసం 70 శాతం కణాల్లో, మధ్యస్థం నుంచి గట్టి రంగు ఉంటేనే పాజిటివ్. కాబట్టి దీన్ని నెగటివ్ అనే రాయి, శాతం కూడా వెయ్యి. అయితే కెరాటిన్ లేని ఆ ఆకారం చూస్తే నాకూ అనుమానంగానే ఉంది. హెచ్‌పీవీ ఈ6, ఈ7 ఆర్‌ఎన్‌ఏ ఇన్ సిటు పరీక్షకు (వైరస్ ఆర్‌ఎన్‌ఏను స్లైడ్ మీదే చూపేది) పంపించు. ఫలితం వచ్చేదాకా చికిత్స నిర్ణయం ఆపమని ఆంకాలజిస్టుకు ఈరోజే చెప్పు.