అల్లుడూ, పాయింట్ దగ్గర జిగురుతో జాగ్రత్త

అల్లుడూ,

ఆదివారం మీ అమ్మ ఫోన్ చేసింది. "హాల్లో సోఫా జరిపేసి ప్లైవుడ్ పరిచాడన్నయ్యా, దాని మీద బొమ్మ రైలు పట్టాలట, ఇప్పుడు కంకర పోస్తాడట, నువ్వే చెప్పాలి వాడికి" అంది. వద్దని చెప్పమని దాని ఉద్దేశం. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు, సంతోషం కొంత, టెన్షన్ కొంత. సెలవులకు కాజీపేట వస్తే అన్నం పళ్లెం వదిలేసి బ్రిడ్జి మీదికి పరిగెత్తి గూడ్సు పెట్టెలు లెక్కపెట్టినవాడివి. ఇప్పుడు నీ ఇంట్లోనే లైను వేస్తున్నావు. ముప్పై ఏళ్లు అసలు పట్టాల కింద కంకర చూసుకున్నాను, రిటైరయ్యాక బొమ్మ పట్టాల కింద పోశాను. తిట్లు రెండో పనిలోనే ఎక్కువ తిన్నాను.

ముందుగా బండి నడిపి చూసుకో. జిగురు ఎండాక ఒక్క జాయింట్ కదపాలన్నా జానెడు మేర తవ్వాలి. పట్టాల పక్కలకు తుప్పు రంగు వెయ్యాలంటే అదీ కంకరకు ముందే.

నీ ఫోటోలో ఉన్నది హెచ్‌ఓ అనే సైజు, అంటే అసలులో 87వ వంతు. మన లైను కంకర సైజు సుమారు 50 మి.మీ. 87తో భాగిస్తే అర మిల్లీమీటరు పైచిలుకు, అంతే. (గేజీ, అంటే రెండు పట్టాల మధ్య దూరం, ఆ లెక్క మాత్రం కుదరదు. మన 1676 మి.మీ.ని భాగిస్తే 19 దాటుతుంది, నీ పట్టా 16.5. అది 1435 గేజీలో 87వ వంతు, మీ హైదరాబాద్ మెట్రోది. వంతెన మీద మెట్రోకి కంకరే ఉండదు, కాంక్రీటు మీద పట్టా. సరేలే.) ప్యాకెట్లలో అమ్మే కంకర ఖరీదు ఎక్కువ. నేను రోబో ఇసుక తెచ్చి, టీ వడకట్టే జాలీలో ఒకసారి, పిండి జల్లెడలో ఒకసారి జల్లించాను. జాలీ దాటింది తీసుకుని, జల్లెడ కిందికి రాలిన దుమ్ము పారేశాను. మీ అత్త ఆ రెండూ మళ్లీ వంటింట్లోకి రానివ్వలేదు. ఏటి ఇసుక వద్దు, గుండ్రంగా ఉంటుంది. అసలు లైనుకైనా కోణాలున్న రాయే కావాలి, అదే పక్క రాయిని పట్టుకుంటుంది. కడిగి ఎండబెట్టి, కవర్‌లో చుట్టిన అయస్కాంతం అందులో తిప్పు. నల్ల నలుసులు అంటుకుంటే తీసేయ్. లేకపోతే ఇంజను మోటారులోకి ఎగిరి కూర్చుంటాయి.

స్పూనుతో కొంచెం కొంచెం పోసి, మెత్తటి బ్రష్‌తో స్లీపర్ల (పట్టాల కింది అడ్డ దిమ్మెల) పైభాగం కంటే ఒక పిసరు కిందికి సర్దు. ఫ్యాన్ ఆపు. ఫ్యాన్ లేనిదే నీకు ఊపిరాడదని తెలుసు, ఆపు. తర్వాత స్ప్రేతో తడపాలి, నీళ్లలో గిన్నెలు కడిగే సబ్బు ఒక చుక్క కలిపి, నేరుగా కాదు, పైనుంచి తుంపరలా. పొడి కంకర మీద జిగురు వేస్తే చుక్క దుమ్ము పట్టుకుని గోళీలా దొర్లి గుంట మిగుల్తుంది. తడిసిందాని మీద సగం ఫెవికాల్, సగం నీళ్లు, సూది తీసిన సిరంజితో. పట్టా పైభాగం అప్పుడే తుడువు, కరెంటు అక్కడినుంచే కదా ఎక్కేది. ఒక రోజు ఎండనివ్వు, వానాకాలమైతే రెండు రోజులు.

ఇక పాయింట్లు, అంటే బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకి మళ్లించే చోట్లు. ఈ ఉత్తరం రాసిందే దీనికోసం.

నా బొమ్మ లైనులో పక్కకు చీలే లైనుకి ఒకే ఒక్క పాయింట్. అమెరికా నుంచి ఒకరు సూట్‌కేసులో తెచ్చిపెట్టారు. మామూలు లైనంతా బాగా కుదిరింది, పొంగిపోయాను. అదే ఊపులో, అదే సిరంజితో పాయింట్ మీదికి వెళ్లాను. టంగ్ రైలు (పాయింట్‌లో అటూ ఇటూ కదిలే పట్టా) చుట్టూ కంకర అందంగా సర్ది, జిగురు పోసి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే రాయిలా బిగుసుకుపోయింది. జిగురు స్లీపర్ల మధ్య పారి, రెండు టంగ్ రైళ్లనీ కలిపే పుల్ల కిందికి చేరింది. అప్పుడైనా ఆగాలి కదా? స్క్రూడ్రైవర్ పెట్టి నెట్టాను. టక్కుమని పుల్ల విరిగింది. ఆరు నెలలు నా బండి గుండ్రంగానే తిరిగింది.

తర్వాత తెలిసింది, ఫెవికాల్‌కి గోరువెచ్చని నీళ్లు చాలట. చుక్కలు వేసి పావుగంట ఆగితే మెత్తబడి వదులుతుంది. ఆ పావుగంట నా దగ్గర లేకపోయింది.

నాకు కోపం ఎందుకు వచ్చిందంటే, పాయింట్ సంగతి నాకు తెలియనిది కాదు. టంగ్ రైలుకీ, అది ఆనుకునే కదలని పట్టాకీ (స్టాక్ రైలు) మధ్య 5 మి.మీ. ముక్క పెడితే పాయింట్ లాక్ కాకూడదు, అది మా పరీక్ష. ఎన్ని వందల సార్లు పెట్టి చూశానో. కొత్తలో ఒక రాత్రి వానలో పాయింట్ సెట్ కాలేదు, సిగ్నల్ పడలేదు, బండి స్టేషన్ బయట ఆగిపోయింది. ఆ రోజు పొద్దున మా గ్యాంగే అక్కడ స్లీపర్ల కింద కంకర దట్టించింది. టార్చి వేసి చూస్తే నిమ్మకాయంత రాయి ఇరుక్కుని ఉంది. మోటారు పాయింట్‌లో చెయ్యి పెట్టకూడదు. పెట్టాను. రాయి తీసిన క్షణానికే అది కదిలింది. వేళ్లు నాతోనే ఉన్నాయి. మీ అత్తకు ఈ సంగతి ఇప్పటికీ చెప్పలేదు, ఈ ఉత్తరం ఆవిడకు చూపించకు.

కాబట్టి నాయనా, పాయింట్ కింద ముందే బూడిద రంగు వెయ్యి, కంకర పల్చగా ఉన్నా బోసిగా కనిపించదు. కదిలే భాగాల దగ్గర కంకరే వద్దు. కదలని స్లీపర్ల మధ్య మాత్రం పంటిపుల్లతో జిగురు రాసి నాలుగు గింజలు చల్లు, సిరంజి దగ్గరికి రానివ్వకు. ఎండేదాకా పది నిమిషాలకోసారి పాయింట్ అటూ ఇటూ మార్చు. ఒక్క గింజ ఇరుక్కున్నా నీ బండికి అదే నిమ్మకాయంత రాయి. ఎండాక వ్యాక్యూమ్ క్లీనర్ మూతికి పల్చటి గుడ్డ కట్టి వదులు కంకర పీల్చు, గుడ్డలో మిగిలింది మళ్లీ వాడుకోవచ్చు.

మీ అమ్మతో నేను మాట్లాడతాను, సోఫా సంగతి నాకు వదిలెయ్.

అయ్యాక వీడియో పంపు. ముందు పాయింట్ కదిలేది, రెండు వైపులా. బండి తర్వాత చూస్తాను.

మీ మామ
కాజీపేట