కథలో వర్ణన: ఎక్కడ ఉంచాలి, ఎక్కడ కొట్టేయాలి

వర్ణన ఉంచితే సాగదీశారంటున్నారు, తీసేస్తే కథ బోడిగా ఉందంటున్నారు, ఎంత ఉండాలి అని అడిగారు. రెండు మాటలూ పడుతున్నాయంటే చాలాసార్లు కారణం ఒకటే: చుట్టూ చూస్తున్నది రచయిత, పాత్ర కాదు. ముందు అది సరిచేయండి.

ఊళ్లో పాతిల్లు అమ్మడానికి కొడుకు వచ్చాడనుకుందాం. "విశాలమైన వసారా, మూలన చెక్క కుర్చీ, నీలం తలుపులు" అని రాస్తే ఇంటి అమ్మకం ప్రకటనలా ఉంటుంది. వాడి కన్ను పడేది రోడ్డు వైపు ఎన్ని గజాలుందో, దూలానికి చెద ఎక్కడిదాకా పాకిందో అన్నదాని మీద. తల్లికి అదే దూలానికి ఉయ్యాల కట్టిన కొక్కెం కనబడుతుంది. ఈ రెండు వాక్యాలతో ఇల్లూ తెలిసింది, రాబోయే గొడవా తెలిసింది.

పాఠకుడికి తెలిసిన చోటుకి ఒక్క గుర్తు చాలు. ఆర్టీసీ బస్టాండు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు, ఆ రోజు అక్కడ మామూలుగా లేనిది చెప్పండి. తెలియని పనికి మాత్రం ధారాళంగా చోటివ్వండి. కల్లుగీత గురించి రాస్తూ మోకు అంటే ఏమిటో ఆగి వివరించొద్దు. "మోకును చెట్టు చుట్టూ తిప్పి, నడుముకు తగిలించుకుని, వెనక్కి వాలి బిగువు చూసుకున్నాడు" అంటే పట్నం వాళ్లకీ అర్థమవుతుంది, మనిషి పనిలోనే ఉంటాడు. ఇలాంటివి అయిదారు వాక్యాలున్నా బరువనిపించవు.

జగడం మధ్యలో వస్తువుల వర్ణన పెట్టకండి. కత్తిపీట చేతికి రావాలంటే రెండు పేజీల ముందే ఎవరో దానిమీద వంకాయలు తరిగి ఉండాలి.

ఇక దిద్దుబాటు. రాసింది కొన్నాళ్లు పక్కన పెట్టి, ప్రింటు తీసి, ఎవరూ కదలని, మాట్లాడని, ఆలోచించని వాక్యాల కింద పెన్సిల్ గీత గీయండి. వరుసగా నాలుగైదు గీతలు పడ్డచోట కథ ఆగిందన్నమాట. అక్కడ ఒక్కో వాక్యం మూసి చదవండి. లోటు తెలియకపోతే కొట్టేయండి. జంట విశేషణాల్లో ఒకటి పోవాలి. పక్కపక్కన రెండు ఉపమానాలుంటే ఏదీ గుర్తుండదు. (సూర్యోదయంతో మొదలైన కథకైతే మొదటి పేరా మొత్తం తీసి చూడండి, అసలు కథ సాధారణంగా రెండోదాంట్లో మొదలవుతుంది.)

ఇంత చేశాక బోడిగా అనిపిస్తే కొట్టేసినవి తిరిగి పెట్టకండి. మొదటి ప్రతుల్లో దాదాపు అంతా కంటికి కనబడేదే ఉంటుంది. పేజీకి ఒక్క వాసనో చప్పుడో చేర్చి మళ్లీ చదవండి. అప్పటికీ వెలితిగా ఉంటే లోపం వర్ణనలో లేదు, ఆ సన్నివేశంలో పాత్రకి ఏం కావాలో మీరింకా తేల్చుకోలేదు.