అప్పు చేసి అత్తగారింటికి వెళ్తే, జనవరి అద్దె చెక్కు సంగతేంటి?

ప్రశ్న: మాది జగిత్యాల. తొమ్మిదేళ్ళుగా దుబాయ్‌లో ఉంటున్నాను. నా జీతం 9,000 దిర్హాములు, బేసిక్ 4,500. నా భార్యది ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో. ఆమె ఒక క్లినిక్‌లో పనిచేస్తుంది, జీతం 6,500. పిల్లలకు ఆరేళ్ళు, మూడేళ్ళు. కరామాలో ఉంటున్నాం. అద్దె ఏడాదికి 76,000, ముందే ఇచ్చిన నాలుగు చెక్కుల్లో. నెల ఖర్చులన్నీ పోను 2,000 మిగులుతుంది. అక్టోబరు 10 చెక్కు పోగా ఖాతాలో 11,000 ఉంటుంది. మూడేళ్ళయింది అత్తగారింటికి వెళ్ళి. పోయినసారి చేసిన అప్పు ఈ జూన్‌లోనే తీరింది. ఈ డిసెంబరు 12 నుంచి జనవరి 3 దాకా వెళ్దామనుకుంటున్నాం. లెక్క 38,000 తేలింది: టికెట్లు 14,000, మనీలా నుంచి ఇలోయిలోకు 1,800, కానుకలు, క్రిస్మస్‌కు డబ్బు పెట్టి ఇచ్చే కవర్లు కలిపి 6,500, కుటుంబమంతటికీ బొరాకయ్ దీవి విహారం 7,000, అత్తగారింటి పైకప్పు 5,000, పై ఖర్చులు 3,700. తక్కువ పడే 27,000 బ్యాంకు నాలుగేళ్ళకు 5 శాతానికే ఇస్తానంటోంది. అక్కడ చాలకపోతే బావమరిది తెలిసినవాళ్ళ దగ్గర సర్దుతానన్నాడు. సెలవు జీతం ఎలాగూ ముందే చేతికొస్తుంది. లోన్ తీసుకోవాలా, ఊళ్ళో చిట్టీ ఎత్తాలా, మా ఆవిడ బంగారం అమ్మాలా?

జవాబు: మూడూ వద్దు. మీ ఒక్కరికే అయితే రెండు ముక్కల్లో చెప్పి ఊరుకునేవాణ్ణి. కానీ గల్ఫ్‌లో ఉండి ఏటా కాకపోయినా రెండు మూడేళ్ళకోసారి ఇంటికి వెళ్ళే కుటుంబాలు, మనవాళ్ళయినా ఫిలిప్పీన్స్ వాళ్ళయినా, చేసే తప్పు ఇదే. ఇంటి ప్రయాణాన్ని హఠాత్తుగా నెత్తిన పడ్డ ఖర్చులా చూస్తారు. మూడేళ్ళకోసారి వెళ్తామని మీకు తెలుసు, మీ ఆవిడకు తెలుసు, అత్తగారికీ తెలుసు. తెలియనిది మీ బ్యాంకు ఖాతాకే.

ముందు ఆ 5 శాతం సంగతి. అది ఫ్లాట్ రేటు, అంటే అసలు తీరుతున్నా మొదటి మొత్తం మీదే వడ్డీ. 27,000కు ఏడాదికి 1,350 చొప్పున నాలుగేళ్ళకు 5,400 వడ్డీ వేసి, మొత్తాన్ని 48తో భాగిస్తే నెలకు 675. తీరుతున్న అసలు మీద లెక్కగడితే ఇది 9.2 శాతం దాకా తేలుతుంది. ప్రాసెసింగ్ ఫీజు, లోన్ ఇన్సూరెన్స్ దానికి అదనం. అయినా నా అభ్యంతరం వడ్డీ మీద కాదు. మీరు వెళ్ళేది మూడేళ్ళకోసారి, అప్పు తీరేది నాలుగేళ్ళకు. వచ్చేసారి టికెట్లు కొనే వేళకు ఇంకా 12 వాయిదాలు మిగిలే ఉంటాయి. అప్పుడు బ్యాంకు వాళ్ళే ఫోన్ చేసి టాప్ అప్ ఇస్తామంటారు. పోయినసారి వెళ్ళొచ్చిన నెల నుంచే ఆ 675 వేరే ఖాతాలో వేసి ఉంటే మూడేళ్ళకు 24,300 అయ్యేది. ఈ ఉత్తరం రాసే పని ఉండేది కాదు.

ఇప్పుడు అసలు విషయం. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టిన వాక్యం లోన్ గురించినది కాదు, 'సెలవు జీతం ఎలాగూ ముందే చేతికొస్తుంది' అన్నది. సెలవు జీతం బోనస్ కాదండీ. మీరు పనిచేయని రోజుల జీతాన్ని కంపెనీ ముందుగా ఇస్తోంది, అంతే. మీ ఇద్దరికీ నెలకు 15,500. డిసెంబరు 12 నుంచి జనవరి 3 వరకు 23 రోజులకు సుమారు 11,500 ముందే చేతికొస్తుంది. ఇలోయిలోలో అది అయిపోతుంది. డిసెంబరు నెలాఖరున పడేది మొదటి 11 రోజుల జీతమే, అంటే 5,500. ఆ తర్వాత జనవరి 31 దాకా పైసా రాదు.

ఆ జనవరిలో మీరు కట్టాల్సినవి చూడండి. 10వ తేదీన అద్దె చెక్కు 19,000. మీ పెద్ద పాప చదివేది ఇండియన్ స్కూల్ అయితే మూడో టర్మ్ ఫీజు కూడా ఆ నెలలోనే. దానికి తోడు కొత్త లోన్ వాయిదా 675. తిండి, కరెంటు ఇంకా కలపలేదు. అద్దె కోసం అక్టోబరు నుంచి పక్కన పెడుతున్నాం కదా అంటారు. పక్కన అంటే ఎక్కడ? అదే జీతం ఖాతాలో. బొరాకయ్ హోటల్లో కార్డు గీకేటప్పుడు ఏది అద్దె డబ్బో ఏది విహారం డబ్బో ఆ ఖాతాకు తెలియదు. ఎమిరేట్స్‌లో చెక్కు బౌన్స్ అయితే 2022 నుంచి ఇంటి యజమాని మామూలు దావా వేయకుండా నేరుగా అమలు కోర్టుకే వెళ్ళొచ్చు. చెక్కు కాపాడుకోవడానికి క్రెడిట్ కార్డు మీద నగదు తీస్తారు. దాని వడ్డీ నెలకు 3 శాతం పైనే. ప్రయాణం ఖర్చు 38,000 అనుకున్నది మార్చికల్లా ఎంతవుతుందో మీరే వేసుకోండి.

పైగా మీకు అత్యవసర నిధి అన్నదే లేదు. 11,000 అంటే మీ ఇంటికి నెల ఖర్చు కూడా కాదు, అది 13,500. దాన్ని కూడా ఊడ్చి టికెట్లలో పెడతానంటున్నారు. మీ కుటుంబానికి ఇది మామూలు వాళ్ళకన్నా ఎక్కువ ఉండాలి, ఎందుకంటే మీకు ఇళ్ళు రెండు దేశాల్లో ఉన్నాయి. రాత్రి పది గంటలకు ఫోన్ వస్తే తెల్లారేసరికి ఒకరు హైదరాబాద్‌కో మనీలాకో బయల్దేరాలి. అప్పటికప్పుడు కొనే టికెట్టుకు తగ్గింపులుండవు. మూడు నెలల ఖర్చు 40,500, రెండు అత్యవసర టికెట్లకు 6,000, మొత్తం 46,500. మీ లక్ష్యం అది.

ఉద్యోగం పోతే నిరుద్యోగ బీమా ఉందిగా అని చాలామంది రాస్తుంటారు. అది ఇచ్చేది బేసిక్‌లో 60 శాతం, గరిష్ఠంగా మూడు నెలలు. మీ బేసిక్ మీద 2,700. నెలకు పడే అద్దెలో సగం కూడా కాదు. గ్రాట్యుటీ ఉందంటారా? లోన్ ఉన్నవాళ్ళ ఆఖరి సెటిల్‌మెంట్ ఖాతాలో పడగానే బ్యాంకు దాన్ని ఆపేసుకోవడం అక్కడ మామూలే. వాయిదాలు ఎగ్గొడితే కోర్టు ద్వారా దేశం దాటకుండా నిలిపేసే వీలు కూడా ఉంది. ఇంటికెళ్ళడానికి చేసిన అప్పే ఇంటికెళ్ళనివ్వకపోవడం చూస్తూనే ఉంటాం.

ఇక బావమరిది సర్దుతానన్న డబ్బు. ఫిలిప్పీన్స్‌లో హామీ లేకుండా, కాగితం లేకుండా దొరికే అప్పు చాలావరకు 'ఫైవ్ సిక్స్'. ఐదు తీసుకుంటే ఆరు కట్టాలి, సాధారణంగా నెలా నెలన్నరలో. నూటికి ఇరవై రూపాయల వడ్డీ అన్నమాట. మన ఊళ్ళో నూటికి ఐదంటేనే నోరు నొక్కుకుంటాం. మోటారు సైకిళ్ళ మీద తిరిగి ఈ వసూళ్ళు చేసేవాళ్ళలో పంజాబీలు ఎక్కువని అక్కడి జనం వాళ్ళను 'బుంబాయ్' అంటారు, బొంబాయి వాడని. ఇండియా అల్లుడు వచ్చి ఇండియా వాడి దగ్గరే ఐదు-ఆరు పెట్టి వెళ్ళాడన్న పేరు మీకెందుకు? మీరు విమానం ఎక్కేస్తారు, రోజువారీ వసూలుకు వాడు నిలబడేది మీ అత్తగారి గుమ్మం ముందు. ఈ మాట మళ్ళీ ఎత్తకండి.

చిట్టీ ముందుగా పాడి ఎత్తడమంటే పేరు మార్చిన అప్పే. బంగారం ఆవిడది, దాని జోలికి వెళ్ళకండి.

అలాగని వెళ్ళొద్దనడం లేదు. డిసెంబరులో వద్దంటున్నాను. ఫిలిప్పీన్స్‌లో సెప్టెంబరు నుంచే క్రిస్మస్ పాటలు మొదలవుతాయి, డిసెంబరు టికెట్ల ధరలూ అప్పటి నుంచే ఎక్కుతాయి. పైగా అది తుపాన్లు ఇంకా వదలని నెల. 2019 క్రిస్మస్ వేళ ఉర్సులా తుపాను మీరు వెళ్ళే పనాయ్ ద్వీపం మీదే విరుచుకుపడింది, బొరాకయ్ వెళ్ళేవాళ్ళు దిగే కలిబో విమానాశ్రయం దెబ్బతింది. 2023 జనవరి 1న మనీలా ఎయిర్ ట్రాఫిక్ కేంద్రంలో కరెంటు వ్యవస్థ చెడిపోయి సుమారు 300 విమానాలు నిలిచిపోయాయి. సెలవు ముగించుకుని గల్ఫ్‌కు తిరుగు ప్రయాణమైన వాళ్ళెందరో అందులో ఇరుక్కున్నారు. జేబులో ఏమీ మిగలకుండా ఆ వరుసలో నిలబడితే ఏం చేస్తారు?

మార్చి ద్వితీయార్ధంలో వెళ్ళండి. ఇండియన్ స్కూళ్ళకు పరీక్షలు అయిపోయి కొత్త తరగతి మొదలయ్యే లోపు ఖాళీ ఉంటుంది. ఈస్టర్ ముందు వచ్చే పవిత్ర వారంలో మాత్రం పడకుండా చూసుకోండి. ఆ వారం దేశం దేశమంతా సొంతూళ్ళకు కదులుతుంది, బస్సు సీటు కూడా దొరకదు. అక్టోబరు నుంచి మార్చి దాకా మిగులు 12,000. మీ ఆవిడ కంపెనీ టికెట్ అలవెన్స్ ఇస్తుందేమో కాంట్రాక్టు తీసి చూడండి. ఉంటే అది కలపండి, ఇప్పటిలా ఇంటి ఖర్చుల్లో కలిసిపోనివ్వకండి. 2,400 లోపు దొరికితే నాలుగు టికెట్లు 9,600, లోపలి విమానం 1,400, మొత్తం 11,000. అలవెన్స్ లేకపోతే చేతిఖర్చులకు మిగిలేది 1,000. అప్పుడు ప్రయాణాన్ని ఇంకో రెండు మూడు నెలలు జరపండి, లేదా ఈసారికి తల్లీ చిన్నబ్బాయీ వెళ్ళిరావాలి. ఖాతాలో ఉన్న 11,000 మాత్రం ముట్టుకోవద్దు.

బొరాకయ్ ఎగిరిపోతుంది. విదేశం నుంచి వచ్చినవాళ్ళే అందరికీ పెట్టాలన్న 'లిబ్రే' ఆచారం మన పెళ్ళిభోజనం లాంటిది, పిలిచినకొద్దీ పెరుగుతుంది. ఇలోయిలో రేవు నుంచి పడవలో పావుగంటలో గుయిమరాస్ ద్వీపం వస్తుంది, మామిడిపళ్ళకు పేరున్న చోటు. అందరూ పొద్దున వెళ్ళి సాయంత్రం తిరిగి రావచ్చు. ఈసారి ఇంతేనన్న మాట మీరు చెప్పకండి, మీ ఆవిడే వాళ్ళమ్మకు చెప్పాలి, అదీ టికెట్లు కొనకముందే. పైకప్పు విహారం కాదు, దాని లెక్క వేరు. జూన్ వానల లోపు అయ్యేట్టు అక్కడి మేస్త్రీతో అంచనా వేయించి, ప్రయాణం నుంచి వచ్చాక రెండు విడతల్లో పంపండి.

కాగితాల్లో మూడు చోట్ల డబ్బు పోతుంది. ఒకటి మీ వీసా. భారత పాస్‌పోర్టుకు 2025 జూన్ నుంచి ఫిలిప్పీన్స్‌లో వీసా లేకుండా పర్యటనకు అనుమతి ఉంది, కానీ 14 రోజులే, పొడిగింపు ఉండదు. మీరు వేసుకున్నది 23 రోజులు! పన్నెండు రోజులకు కుదించుకోండి, లేదంటే ముందే కాన్సులేట్‌లో వీసా తీసుకోండి. పిల్లల పాస్‌పోర్టులు ఏ దేశానివో రాయలేదు, భారతీయవైతే వాళ్ళకూ ఇదే లెక్క.

రెండోది మీ ఆవిడ ఓఈసీ, అంటే విదేశాల్లో పనిచేసే ఫిలిప్పీన్స్ వాళ్ళకు అక్కడి ప్రభుత్వం ఇచ్చే ధ్రువపత్రం. తిరిగి దుబాయ్ వచ్చేటప్పుడు విదేశీ ఉద్యోగిగా ఆ ధ్రువపత్రం చూపకపోతే మనీలా ఇమిగ్రేషన్‌లో ఆపేస్తారు, టికెట్టు పోతుంది. పాత కంపెనీలోనే ఉండి రికార్డు సరిగా ఉంటే ఆన్‌లైన్‌లోనే మినహాయింపు వస్తుంది. మధ్యలో క్లినిక్ మారి ఉంటే ముందు దుబాయ్‌లోని మైగ్రెంట్ వర్కర్స్ ఆఫీసులో కాంట్రాక్టు వెరిఫికేషన్ కావాలి, దానికి వారాలు పట్టొచ్చు. ఓఈసీ చెల్లేది 60 రోజులే కాబట్టి వెరిఫికేషన్ ముందు చేయించుకుని, అది బయల్దేరే నెలలో తీసుకోండి. ఓవా (ఫిలిప్పీన్స్ వాళ్ళ విదేశీ ఉద్యోగుల సంక్షేమ సంస్థ) సభ్యత్వం గడువు కూడా చూసుకోమనండి, రెండేళ్ళకు 25 డాలర్లే. ఫిలిప్పీన్స్ ప్రయాణికులు ఆన్‌లైన్‌లో చేసుకోవాల్సిన ఈట్రావెల్ నమోదు ఉచితం, డబ్బు అడిగే సైట్ ఏదైనా మోసమే.

మూడోది ఆరోగ్య బీమా. దుబాయ్ బేసిక్ పాలసీ ఎమిరేట్స్ దాటితే పనిచేయదు. నలుగురికీ ట్రావెల్ పాలసీ తీసుకోండి. మీ మీద టర్మ్ పాలసీ (జీవిత బీమా) ఉందో లేదో రాయలేదు, లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి.

మనీలా టికెట్టు, ఇలోయిలో టికెట్టు విడివిడిగా కొంటే మధ్యలో ఆరు గంటలైనా ఉంచండి. అక్కడ టెర్మినళ్ళు ఒకదానికొకటి దూరం, నడుమ రోడ్డు ట్రాఫిక్. మొదటి విమానం ఆలస్యమైతే రెండోవాడికి సంబంధం లేదు.

క్రిస్మస్‌కు అత్తగారు చిన్నబుచ్చుకుంటారన్న బెంగ ఉంటే బాలిక్‌బయాన్ బాక్స్ పంపండి, విదేశాల్లోని ఫిలిప్పీన్స్ వాళ్ళు ఇంటికి పంపే కానుకల పెట్టె అది. ఓడలో మీ అత్తగారి ఊరున్న విసయాస్ దీవులకు చేరడానికి నెలన్నర, రెండు నెలలు పడుతుంది కాబట్టి అక్టోబరు మొదటి వారంలోనే ఇచ్చేయాలి. మీ ఆవిడ పేరు మీదే పంపించండి. విదేశాల్లో పనిచేసే ఫిలిప్పీన్స్ వాళ్ళకు 1,50,000 పేసోల పరిమితికి లోబడి, ఏడాదికి మూడుసార్ల దాకా సుంకం ఉండదు. మరీ చవగ్గా తీసుకెళ్తామనే వాళ్ళకు ఇవ్వకండి. అలాంటివాళ్ళు మనీలాలో రేవు ఛార్జీలు కట్టక బాక్సులు కస్టమ్స్‌లోనే పడి ఉన్న సందర్భాలున్నాయి. అక్కడి వాణిజ్య శాఖ డీటీఐ గుర్తింపు ఉందో లేదో అడిగి ఇవ్వండి. కానుకల లెక్క 6,500 అన్నారు కదా, బాక్సుతో కలిపి 1,500 దాటనివ్వకండి. ఆ డబ్బు ఈ నెల మిగులులోంచే రావాలి.

అక్టోబరు 10న చెక్కు పాస్ కాగానే రెండు ఖాతాలు తెరవండి, డెబిట్ కార్డు తీసుకోకుండా. ఒకదాంట్లో ఇప్పుడు మీ దగ్గరున్న 11,000, రెండోదాంట్లో నెలనెలా అద్దె వాటా 6,333. ప్రయాణం డబ్బు జీతం ఖాతాలోనే ఉన్నా ఫర్వాలేదు. మార్చి తర్వాత, పైకప్పు డబ్బు పంపడం అయ్యాక, నెలకు 2,000 చొప్పున వేస్తే 46,500 చేరడానికి ఏడాదిన్నర పడుతుంది. అది నిండాకే మళ్ళీ టికెట్ల సైట్ తెరవండి.