లోపం ట్యాంకులో కాదు, డాష్‌బోర్డు వెనక వెతకండి

మీ పాత బ్రిటిష్ కారు ట్యాంకులో సెండర్ (పెట్రోలు మట్టాన్ని కొలిచి గేజ్‌కు తెలిపే భాగం) కొత్తది వేసినా పెట్రోలు గేజ్ ముల్లు నిండుగానే చూపిస్తోందని, ఇంజిన్ వేడి చూపే ముల్లు కూడా పైకే పోతోందని రాశారు. ఆ రెండో మాటే అసలు ఆధారం. రెండు గేజ్‌లూ ఒకేసారి చెడిపోవడం అరుదు. పాత బ్రిటిష్ కార్లలో చాలావాటికి ఈ రెండింటికీ కలిపి డాష్‌బోర్డు వెనక ఒకే వోల్టేజ్ స్టెబిలైజర్ (గేజ్‌లకు వెళ్లే వోల్టేజ్‌ను అదుపులో ఉంచే భాగం) ఉంటుంది. లోపల రెండు లోహాల పట్టీ వేడెక్కి, చల్లబడి, కరెంటును ఆపుతూ వదులుతూ సగటున 10 వోల్టులు ఇస్తుంది. దాని ఎర్త్ (కారు బాడీతో ఉండే కనెక్షన్) ఊడినా, కరెంటును కలిపి విడదీసే పాయింట్లు అతుక్కుపోయినా బ్యాటరీ వోల్టేజ్ అంతా గేజ్‌లకు పోతుంది, రెండు ముళ్లూ పైకి లేస్తాయి.

స్టెబిలైజర్ ఇచ్చే వోల్టేజ్ చూడ్డానికి మీటరు పెడితే అంకె గంతులేస్తుంది, కంగారు పడకండి, దాని తీరే అంత. కదలకుండా 12 దగ్గరే నిలిచిపోతే మాత్రం అనుమానించాలి. ముందు అది బిగించిన చోట తుప్పు, రంగు గీకి ఎర్త్ సరిచేయండి. సగం సార్లు పని అక్కడితోనే అయిపోతుంది! లేకపోతే ఎలక్ట్రానిక్ రకం స్టెబిలైజర్ వేయండి. మీ కారు పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ పాజిటివ్ కొనను బాడీకి కలిపిన రకం) అయితే దానికి తగినదే కొనాలి.

ఒక్క హెచ్చరిక: పరీక్ష కోసమని సెండర్ తీగను నేరుగా బాడీకి ఆనించి ఉంచకండి, గేజ్ లోపలి చుట్ట కాలిపోవచ్చు. తీగ విప్పి చూడండి, చాలు. ముల్లు మెల్లగా ఖాళీకి దిగితే గేజ్ బాగున్నట్టే.

పాత సెండర్ పారేశారా? బహుశా అది బాగానే ఉండి ఉంటుంది.